దేహసంకేతాల నుంచి నాదం, దృశ్యం

మనిషి దేహంలో ఎడతెగకుండా పుట్టే సంకేతాలను, అంటే గుండె కొట్టుకోవడం, నాడి, శ్వాస, కండరాల బిగింపు, మెదడులోని విద్యుత్ తరంగాలు, చెమట వల్ల చర్మంలో వచ్చే మార్పు వంటివాటిని పరికరాలతో పట్టుకొని, వాటి హెచ్చుతగ్గుల నుంచి సంగీతాన్నో వెలుగునో కదిలే చిత్రాన్నో పుట్టించే కళాప్రక్రియను దేహసంకేత కళ అనవచ్చు. ఇది 1960ల దశకంలో అమెరికాలోనూ ఐరోపాలోనూ రూపుదిద్దుకొంది. రోగనిర్ధారణ కోసం పుట్టిన, గుండె విద్యుత్తును నమోదు చేసే ఈసీజీ, మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ యంత్రాలను సంగీతకారులు, చిత్రకారులు అరువు తెచ్చుకోవడంతో మొదలైంది కాబట్టి దీని చరిత్రలో సగం వైద్యవిజ్ఞాన చరిత్రే. వీణ మీటే వేలు, మృదంగం మీద పడే అరచేయి కూడా దేహమే అయినప్పటికీ, అక్కడ ధ్వనిని పుట్టించేది పూర్తయిన కదలిక. ఈ కళకు ముడిసరుకు ఆ కదలికకు ముందో, అసలు కదలికే లేకుండానో చర్మం కింద సాగే ప్రక్రియ.

సంకేతం తనంతట తాను సంగీతం కాదు, చిత్రమూ కాదు. గుండె ఒకసారి కొట్టుకోగానే గంట మోగాలా, దీపం వెలగాలా, తెర మీద రంగు మారాలా అన్నది దేహం నిర్ణయించదు, రచయిత నిర్ణయిస్తాడు. ఒక కొలతను మరొక అనుభవానికి ముడివేసే ఈ అనుసంధాన నియమమే ఈ కళలో అసలైన రచన. మెదడు పాడుతోందనీ గుండె బొమ్మలు గీస్తోందనీ సాగే ప్రచారం ఆ నియమాన్ని మరుగుపరుస్తుంది. రచనల మంచిచెడ్డలను మాత్రం దాన్ని బట్టే తేల్చవలసి ఉంటుంది.

సంకేతాల స్వభావం

ఛాతీ మీద అతికించిన ఎలక్ట్రోడ్లకు, అంటే చర్మం నుంచి విద్యుత్తును గ్రహించే లోహపు బిళ్లలకు, అందే గుండె సంకేతం సుమారు 1 మిల్లీవోల్టు, అంటే వోల్టులో వెయ్యో వంతు ఉంటుంది. మెదడు సంకేతం పుర్రెను, తలచర్మాన్ని దాటి వచ్చేసరికి 10 నుంచి 100 మైక్రోవోల్టులకు పడిపోతుంది. వోల్టులో లక్షో వంతు నుంచి పదివేలో వంతు వరకు అన్నమాట. కండరాల సంకేతం బిగింపును బట్టి కొన్ని పదుల మైక్రోవోల్టుల నుంచి కొన్ని మిల్లీవోల్టుల వరకు పెరుగుతుంది. ఇంతటి స్వల్ప సంకేతాన్ని యాంప్లిఫయర్‌తో వేల రెట్లు పెంచినప్పుడు దానితోపాటు చుట్టుపక్కల రొద కూడా పెరుగుతుంది. భారతదేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులది, సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేసేది కావడం వల్ల, గోడలోని తీగ, తల మీది ఫ్యాను, ట్యూబులైటు అన్నీ దేహంలోకి ఆ 50 హెర్ట్జ్ రొదను ప్రేరేపిస్తాయి. వడపోత సరిగా లేని పరికరం నుంచి వినబడే 'మెదడు సంగీతం' చాలాసార్లు కరెంటు తీగల హోరు మాత్రమే.

మరొక చిక్కు పౌనఃపున్యానిది, అంటే ఒక సెకనులో ఎన్ని కంపనలన్న లెక్కది. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఉన్న కంపనలనే ధ్వనిగా గుర్తిస్తుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకొనే గుండె లయ 1.2 హెర్ట్జ్ మాత్రమే. నిమిషానికి 12 నుంచి 20 సార్లు సాగే శ్వాస అంతకన్నా తక్కువ. కళ్లు మూసుకొని నిమ్మళంగా ఉన్నప్పుడు తల వెనుక భాగంలో బలంగా కనిపించే ఆల్ఫా తరంగాలు 8 నుంచి 13 హెర్ట్జ్. ఇవన్నీ వినికిడికి దిగువనే ఉంటాయి. కండరాల విద్యుత్ సంకేతం, అంటే ఈఎంజీ, అధికభాగం 20 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ఉండడం వల్ల స్పీకరుకు కలిపితే నేరుగానే గరగరమని వినిపిస్తుంది. నాడీ, కండర వ్యాధులను పరీక్షించే వైద్యులు ఆ చప్పుడు తీరును విని రోగాన్ని గుర్తించడం నేటికీ ఉంది.

కాబట్టి సంకేతాన్ని ధ్వనిగా మార్చడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. తరంగాన్ని ఉన్నదున్నట్టుగా, అవసరమైతే వేగం పెంచి, ధ్వనితరంగంగా వినిపించడం మొదటిది. సంకేతం నుంచి తీసిన ఒక కొలతతో, అంటే గుండె వేగంతోనో ఆల్ఫా బలంతోనో, వేరొక ధ్వని స్థాయిని, బిగ్గరతనాన్ని, నడకను నియంత్రించడం రెండోది. మొదటిదానిలో రచయిత జోక్యం తక్కువ, వైవిధ్యమూ తక్కువే. రెండోదానిలో ఏ సంకేతంతోనైనా ఏ ధ్వనినైనా రప్పించవచ్చు కాబట్టి సంకేతం నిజంగా అవసరమా, యాదృచ్ఛిక సంఖ్యలతో కూడా అదే సంగీతం వచ్చేది కాదా అన్న ప్రశ్న తప్పదు.

కండరానికి విద్యుత్తే కాక తనదైన చప్పుడు కూడా ఉంది. బొటనవేళ్లను చెవుల్లో దూర్చి పిడికిళ్లు బిగిస్తే లోతుగా దొర్లుతున్నట్టు వినిపించే మోతను ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో గ్రిమాల్డి రాసిన విషయం 1665లో వెలువడగా, 1810లో విలియం వొలాస్టన్ దాన్ని లండన్ రాళ్ల బాట మీద బండి చక్రాల మోతతో పోల్చి పౌనఃపున్యాన్ని అంచనా కట్టాడు. పరికరమేదీ లేకుండా ఎవరైనా చేసి చూడదగిన పరీక్ష ఈ రంగమంతటికీ బహుశా ఇదొక్కటే.

తెలుగునాట పూర్వరంగం

యంత్రం లేని కాలంలో సంకేతాన్ని పట్టే పని వైద్యుడి వేళ్లు చేశాయి. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, వాతం హెచ్చితే నాడి పాములా వంకరలు తిరుగుతుందనీ, పిత్తం హెచ్చితే కప్పలా గెంతుతుందనీ, కఫం హెచ్చితే హంసలా మెల్లగా నడుస్తుందనీ నిర్ణయించే పద్ధతి శార్ఙ్గధర సంహితలో కనిపిస్తుంది. తెలుగు వైద్యుల చేతుల్లో విరివిగా మెలిగిన బసవరాజీయం కూడా నాడీలక్షణాలను తొలి ప్రకరణంలోనే చెబుతుంది. వ్యాధినిర్ణయంలో దీని విలువ ఎంతన్నది వేరే చర్చ. స్పర్శగా అందిన లయను ఒక ప్రాణి నడకగా, అంటే మనసులో చూడగల దృశ్యంగా మార్చే నియమం ఒకటి ఇందులో ఉందన్నదే ఇక్కడ ప్రస్తుతం.

కూచిపూడి సంప్రదాయానికి సంబంధించిన సింహనందిని ఇంకా దగ్గరి ఉదాహరణ. నేల మీద పరచిన రంగుపొడిలో, 128 అక్షరకాలాల ఆవృత్తి గల సింహనందన తాళానికి అడుగులు వేస్తూ, పాదాల కదలికతోనే సింహం బొమ్మను తీర్చే నృత్యం ఇది; మయూర కౌత్వంలో అదే తీరున నెమలి రూపం తేలుతుంది. ఆలయారాధనతో ముడిపడిన ఈ అపురూప నృత్యాలను 20వ శతాబ్దంలో తిరిగి వేదిక మీదికి తెచ్చినవారిలో సి.ఆర్. ఆచార్యులు ప్రముఖుడు. ఇందులో ఒకే పాదఘాతం గజ్జెల ధ్వనినీ, నేల మీది గీతనూ ఏకకాలంలో పుట్టిస్తుంది. అభినయమూ చూపూ ప్రేక్షకుల వైపు ఉండాలి కాబట్టి నర్తకికి వంగి గీతను సరిచూసుకొనే వీలుండదు. తాళం తప్పితే బొమ్మ తప్పుతుంది. మరోవిధంగా చెప్పాలంటే 128 అక్షరాల తాళమే ఇక్కడ దేహాన్ని బొమ్మకు ముడివేసే నియమం, అది ప్రదర్శనకు ముందే దేహంలో ఇంకి ఉంటుంది.

తోలుబొమ్మలాటలో దేహం తెర చాటున ఉంటుంది. తోలును పలుచగా, వెలుగు ప్రసరించేటట్టుగా సిద్ధం చేసి రంగులు దిద్దిన బొమ్మను తెల్లని తెరకు ఆనించి, చేతులతో దాని పుల్లలను కదుపుతూ, గొంతుతో పద్యమూ మాటా పలుకుతూ, కాళ్ల గజ్జెలను లయకు మోగిస్తూ, యుద్ధఘట్టాల్లో పాదాల కింది చెక్కను తొక్కి చప్పుడు చేస్తూ కళాకారుడు ఒకే దేహంతో ధ్వనినీ దృశ్యాన్నీ నడుపుతాడు. ఈ కళను నిలబెట్టిన కుటుంబాల్లో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటవి ముఖ్యమైనవి; ఆ ఊరికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఇవేవీ ఆధునిక అర్థంలో దేహసంకేత కళలు కావు, ఎందుకంటే వీటిలో ధ్వనిని పుట్టించేది కనిపించే కదలికే. అయినా చెక్క మీద అడుగు పడినప్పుడు తెర మీద రావణుడి దెబ్బ తగిలిందని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. కారణమూ కార్యమూ ఇలా వెంటవెంటనే అతికి కనిపించడం ఎలక్ట్రోడ్లతో పనిచేసే కళాకారులకు అరవై ఏళ్లుగా అందీ అందని లక్ష్యంగానే ఉంది.

నాడి గీతగా మారిన కాలం

దేహసంకేతం వేళ్లను వదిలి కాగితం మీదికి ఎక్కింది 19వ శతాబ్దంలో. 1816లో ఫ్రెంచి వైద్యుడు రెనె లాయెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విని స్టెతస్కోపుకు నాంది పలికాడు. 1860లో ఎతియెన్ జూల్ మారే రూపొందించిన నాడీలేఖిని మణికట్టు ధమని మీద ఆనే సన్నని మీటతో, గడియారపు యంత్రం నడిపే మసిబారిన కాగితం మీద, నాడి ఎగుడుదిగుడులను మార్కాపురం పలక మీద బలపం గీసినట్టుగా తెల్లని గీతగా రాసేది. 1887లో ఆగస్టస్ వాలర్ లండన్‌లో మనిషి గుండె విద్యుత్తును తొలిసారి నమోదు చేయగా, నెదర్లాండ్స్‌కు చెందిన విలెమ్ ఐంథోవెన్ 20వ శతాబ్దారంభంలో తీగ గాల్వనోమీటరుతో ఈసీజీని కచ్చితమైన వైద్య పరీక్షగా తీర్చిదిద్ది 1924లో నోబెల్ బహుమతి పొందాడు.

ఆ 1924లోనే జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. శాస్త్రలోకం వెంటనే నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఎడ్గార్ ఏడ్రియన్, బ్రయాన్ మాథ్యూస్ ఆ ఆల్ఫా లయను ధ్రువీకరించినప్పుడు దాన్ని కాగితం మీద చూడడమే కాక, స్పీకరు ద్వారా విన్నారు కూడా. చెవితో మెదడును గమనించవచ్చన్న ఊహ ప్రయోగశాలలోనే పుట్టిందన్నమాట. అది సంగీతశాలకు చేరడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

మధ్యలో ఒక ప్రసిద్ధ ఘట్టం ఉంది. 1951లో అమెరికన్ సంగీతకర్త జాన్ కేజ్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రతిధ్వని లేని గదిలోకి వెళ్లి, నిశ్శబ్దం ఉంటుందనుకొన్న చోట ఒక సన్నని కూతనూ ఒక మంద్రమైన మోతనూ విన్నాడు. మొదటిది నాడీవ్యవస్థదని, రెండోది రక్తప్రసరణదని తనకు వివరించారని అతడు చెప్పుకొన్నాడు. నాడీవ్యవస్థ చెవికి వినిపించే కూత పెట్టదు కాబట్టి మొదటి వివరణ నిలిచేది కాదు, అది చెవిలోనే పుట్టే గింగురుమనే ధ్వని అయి ఉండవచ్చు. అయినప్పటికీ ప్రాణమున్నంతవరకు దేహం ధ్వనిస్తూనే ఉంటుందన్న ఆ ఊహ, మరుసటి ఏడాది వెలువడిన 4 నిమిషాల 33 సెకన్ల నిశ్శబ్ద రచనకు తోడై, తరువాతి తరం సంగీతకర్తలను దేహం వైపు తిప్పింది.

ఆల్ఫా తరంగాల సంగీతం

1965 మే 5న మసాచుసెట్స్‌లోని బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజ్ కళా మ్యూజియంలో అమెరికన్ సంగీతకర్త ఆల్విన్ లూసియర్ ప్రదర్శించిన 'మ్యూజిక్ ఫర్ సోలో పెర్ఫార్మర్' ఈ కళకు ఆద్యరచనగా నిలిచింది. అమెరికా వైమానిక దళ పరిశోధనశాలలో పనిచేస్తూ, ఆల్ఫా తరంగాలను ఇష్టపూర్వకంగా ఆపుతూ రప్పిస్తూ మోర్స్ సంకేతాలు పంపవచ్చని చూపిన ఎడ్మండ్ డ్యూవన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు పరికరాలు సమకూర్చాడు. కేజ్ ప్రోత్సహించి ప్రదర్శనలో తోడు నిలిచాడు. తరంగాలను టేపు మీద ముద్రించి, వేగం పెంచి, తాపీగా కూర్చుకోవచ్చన్న సలహాలను పక్కనబెట్టి, లూసియర్ జనం ఎదుట కుర్చీలో కూర్చొని తలకు ఎలక్ట్రోడ్లు పెట్టించుకొన్నాడు.

రచనలోని కిటుకు ఆల్ఫా తరంగాల నెమ్మదితనాన్నే ఆసరాగా చేసుకోవడంలో ఉంది. సెకనుకు పదిసార్లు కంపించే తరంగం చెవికి వినిపించకపోయినా, దాన్ని పెంచి పెద్ద స్పీకరుకు పంపితే దాని పొర కంటికి కనిపించేటంతగా ముందుకూ వెనక్కూ కొట్టుకొంటుంది. ఆ స్పీకర్లను డోళ్లకు, తాళాలకు, గాంగులకు ఆనించి ఉంచడం వల్ల అవి అదురుతూ మోగాయి. కళ్లు తెరిచినా, ఏదైనా రూపాన్ని మనసులో తలచుకొన్నా ఆల్ఫా తరంగాలు అణగిపోతాయి కాబట్టి, వాయించాలని ప్రయత్నించిన కొద్దీ సంగీతం ఆగిపోతుంది, ఆ ప్రయత్నం మానుకొన్నప్పుడు మోగుతుంది. విద్వత్తును కసరత్తుగా, వేగంగా, వేళ్ల నేర్పుగా లెక్కించే కచేరీ సంప్రదాయాన్ని ఇంతగా తలకిందులు చేసిన రచన ఆ దశాబ్దంలో మరొకటి చూపడం కష్టం. అనుసంధాన నియమం కూడా దాపరికం లేనిది. తరంగం ఎంత బలమో డోలు అదురు అంత, మధ్యలో మరే లెక్కా లేదు.

ఆ తరువాతి పదేళ్లలో ఈ బాట వెడల్పయింది. రిచర్డ్ టైటెల్‌బామ్ 1967లో రోమ్ నగరంలో తన బృందంతో 'స్పేస్‌క్రాఫ్ట్' ప్రదర్శనల్లో మెదడు తరంగాలనూ గుండె చప్పుడునూ శ్వాసనూ మూగ్ సింథసైజరుకు కలిపాడు. ఫ్రాన్సులో సంగీతకర్త పియెర్ ఆన్రీ, రోజె లాఫోస్ తయారుచేసిన పరికరంతో 1971లో 'కార్టికలార్' వెలువరించాడు. వీరందరిలో ఎక్కువ లోతుకు వెళ్లింది డేవిడ్ రోజెన్‌బూమ్. 1970లో 'ఎకాలజీ ఆఫ్ ద స్కిన్'లో ప్రేక్షకులను కూడా భాగస్వాములను చేసిన ఇతడు, 1976-77 కాలపు 'ఆన్ బీయింగ్ ఇన్విజిబుల్'లో నియంత్రణ అన్న భావననే మార్చాడు. ఊహించని ధ్వని వినిపించినప్పుడు సుమారు 300 మిల్లీసెకన్ల తరువాత మెదడు సంకేతంలో ఒక ప్రత్యేకమైన ఉబ్బు కనిపిస్తుంది. కంప్యూటరు తాను పుట్టించిన సంగీతంలో ఎక్కడ వినేవారి దృష్టి మళ్లవచ్చో ముందుగా అంచనా వేసి, మెదడు స్పందన ఆ అంచనాను బలపరిచిందో లేదో చూసుకొని, దాన్ని బట్టి తరువాతి సంగీతాన్ని మలిచేది. ఇక్కడ కళాకారుడు వాయించడు, వింటాడు. వినడమే రచనను నడుపుతుంది.

అదే కాలంలో ఆల్ఫా తరంగాలు యోగధ్యానాలకు పర్యాయంగా ప్రచారమై, వాటిని ధ్వనిరూపంలో తిరిగి వినిపించి మనిషిని శిక్షణ పొందేటట్టు చేసే బయోఫీడ్‌బ్యాక్ పద్ధతి పాశ్చాత్య దేశాల్లో వేలంవెర్రి అయింది. దీని వేళ్లలో కొన్ని భారతదేశంలోనే ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బసు కుమార్ బాగ్చీ, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన వెంగర్ 1957 ప్రాంతంలో ఈఈజీ, ఈసీజీ పరికరాలు వెంటబెట్టుకొని దేశమంతా తిరిగి యోగులను పరీక్షించారు. ఢిల్లీలోని ఎయిమ్స్‌కు చెందిన బి.కె. ఆనంద్‌తో కలిసి 1961లో ప్రచురించిన పత్రంలో, గుండెను ఆపగలమన్నవారి మణికట్టు నాడి అందకపోయినా, ఊపిరి బిగపట్టి పొట్ట, ఛాతీ కండరాలను బిగించడం వల్ల రక్తం తిరిగి రావడం తగ్గడమే అందుకు కారణమని, ఈసీజీ గీత మాత్రం ఆగలేదని తేల్చారు. వేళ్లకు ఆగినట్టు తోచిన గుండె ఎలక్ట్రోడ్‌కు ఆగలేదు. ఏ సంకేతాన్ని ఎంచుకొంటే దేహం గురించి ఆ సంగతే తెలుస్తుందన్న మెలకువ కళాకారులకూ అవసరమైనదే.

కండరాల వాద్యాలు

మెదడు తరంగాలు నెమ్మదివి, చంచలమైనవి కాగా కండరాల సంకేతం వెంటనే స్పందించేది, అభ్యాసంతో అదుపులోకి వచ్చేది కావడం వల్ల వాద్యకారులు దానివైపే మొగ్గారు. స్టాన్‌ఫర్డ్‌లో హ్యూ లస్టెడ్, బెంజమిన్ న్యాప్ 1980ల చివర రూపొందించిన బయోమ్యూజ్ ముంజేతి పట్టీల నుంచి ఈఎంజీని గ్రహించి సంగీత సంకేతాలుగా మార్చేది. అటావ్ తనాకా 1990ల ఆరంభం నుంచి దాన్నే తన వాద్యంగా సాధన చేశాడు. గాలిలో చేతులు చాపి, పట్టుకొన్నది ఏమీ లేకపోయినా బరువెత్తుతున్నట్టు కండరాలు బిగిస్తూ అతడు చేసిన ప్రదర్శనల్లో శ్రమ కంటికి కనిపిస్తుంది, ధ్వని దానితోపాటే పెరుగుతుంది. మార్కో డొన్నరుమ్మా 2011లో తయారుచేసిన 'ఎక్స్‌త్ సెన్స్' విద్యుత్తుకు బదులు చిన్న మైకుతో కండరపు చప్పుడునే పట్టింది. గ్రిమాల్డి, వొలాస్టన్ చెవులతో విన్నదే ఇది. 1990ల చివర ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో టెరీసా మారిన్ సంగీత నిర్దేశకుడి కోటులో సెన్సర్లు కుట్టి, అతడి కండరాలు, శ్వాస సంగీతానికి ఎలా స్పందిస్తున్నాయో నమోదు చేసింది.

కీళ్లు కదపనవసరం లేకుండా, బిగింపు ఒక్కటే చాలుతుందన్నది ఈఎంజీ వాద్యపు ముఖ్యగుణం. ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి, దాని చుట్టుపక్కల మెట్ట మండలాల్లో ఫ్లోరైడ్ నీటి వల్ల వెన్నూ మోకాళ్లూ మోచేతులూ బిగుసుకొన్నవారు తరాలుగా ఉన్నారు. హార్మోనియం మెట్ల మీద, డోలక్ మీద చేయి ఆడనివారికి కూడా కండరం బిగించగల శక్తి మిగిలి ఉంటే దాని నుంచి లయ పుట్టించవచ్చు. నగరాల గ్యాలరీల్లో వింతగా చెల్లుబాటయ్యే ఈ సాంకేతికత ఇటువంటి చోట్ల పనిముట్టుగా అక్కరకు వస్తుందని చెప్పడానికి ఆధారం లేకపోలేదు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడువార్డో మిరాండా, లండన్‌లోని నాడీవైకల్య చికిత్సాలయంలో ఉన్న, కదలలేని రోగుల కోసం మెదడు సంకేతాలతో సంగీతం కూర్చే పద్ధతిని 2010ల్లో అమలుచేశాడు. వేర్వేరు వేగాలతో మిణుకుమనే గుర్తుల్లో ఒకదాని మీద రోగి చూపు నిలిపితే, మెదడు వెనుక భాగంలోని దృష్టికేంద్రం అదే వేగంతో స్పందిస్తుంది. దాన్ని బట్టి రోగి ఎంచుకొన్న సంగీతఖండమేదో కంప్యూటరు గుర్తించి, ఎదురుగా ఉన్న వయొలిన్ బృందపు తెర మీద చూపుతుంది, వారు అప్పటికప్పుడు చదివి వాయిస్తారు.

వెలుగు, చిత్రం

దృశ్యకళలో ఈ ప్రయత్నాలు సంగీతం వెనుకే వచ్చాయి. 1970ల్లో నీనా సోబెల్ ఇద్దరు మనుషుల మెదడు తరంగాలను ఒకే తెర మీద ఒక వలయాకారపు గీతగా కలిపి, వారి ముఖాల వీడియో మీద పరిచింది. ఇద్దరి తరంగాలు కలిసిన కొద్దీ గీత గుండ్రమవుతుంది. 1995లో చార్ డేవిస్ 'ఆస్మోస్' అనే వర్చువల్ లోకంలో మీటలనూ బటన్లనూ పక్కనబెట్టి శ్వాసను వాహనం చేసింది. ఊపిరి పీలిస్తే చూసేవారు పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. శ్వాస అసంకల్పితమైనదీ, సంకల్పానికి లొంగేదీ కావడం వల్ల, నేర్పనవసరం లేని నియమంగా ఇది ఈ రంగంలోని ఉత్తమ అనుసంధానాల్లో ఒకటి.

గుండె చప్పుడుకు వెలుగును జతచేసిన రచనలే ఎక్కువమందికి చేరాయి. మెక్సికోలో పుట్టిన రఫాయెల్ లోజానో-హెమర్ 2006లో రూపొందించిన 'పల్స్ రూమ్'లో సందర్శకుడు ఒక పిడిని పట్టుకోగానే దగ్గరి బల్బు అతడి నాడి వేగంతో మిణుకుతుంది. పిడి వదిలాక ఆ లయ పై వరుసలోని మొదటి బల్బుకు చేరి, అంతకుముందున్నవన్నీ ఒక్కో బల్బు ముందుకు జరుగుతాయి. గదిలో ఏ క్షణాన చూసినా వెలుగుతున్నది కిందటి సందర్శకుల గుండెలే, కొత్తవారు వచ్చిన కొద్దీ పాతవారు వరుస చివర నుంచి జారిపోతారు. ఫ్రెంచి కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ మాత్రం జారిపోనివ్వకుండా దాచే దారి పట్టి, 2008 నుంచి పలు దేశాల్లో సేకరించిన గుండె చప్పుళ్లకు జపాన్‌లోని తేషిమా ద్వీపంలో 2010లో శాశ్వత భాండాగారం ఏర్పరిచాడు. కొరియా మూలాలున్న లీసా పార్క్ 2013 నాటి 'యునోయా'లో, స్పీకర్ల మీద పెట్టిన నీటి పళ్లేలను తన మెదడు కొలతలతో అలలెత్తించింది. చూడడానికి మనోహరమైనదే అయినా, బజారు హెడ్‌సెట్ లెక్కగట్టి ఇచ్చిన 'ఏకాగ్రత', 'ధ్యానం' వంటి అంకెల మీద ఆధారపడిన రచనల్లో మెదడు పాలు ఎంత, తయారీదారు సూత్రం పాలు ఎంతన్నది విడదీయడం కష్టం.

తెలుగు నేల మీద జరుగుతున్న సమీప పరిశోధన దీనికి ఎదురు దిశలో, అంటే ధ్వని నుంచి దేహం వైపు సాగుతోంది. హైదరాబాద్‌లోని ఐఐఐటీలో సంగీత గ్రహణాన్ని అధ్యయనం చేస్తున్న వినూ అల్లూరి, అంతకుముందు ఫిన్‌లాండ్‌లో ఉండగా సహపరిశోధకులతో కలిసి 2012లో ప్రచురించిన పత్రంలో, సంగీతం వింటున్నవారి మెదడును స్కానింగులో గమనించి, ధ్వనిగుణం, శ్రుతి, లయ ఏయే మెదడు ప్రాంతాలను కదిలిస్తాయో వివరించారు. ఇటువంటి అవగాహన పెరిగిన కొద్దీ, ఏ సంకేతాన్ని ఏ ధ్వనికి ముడివేయాలన్న నిర్ణయానికి ఊహకన్నా గట్టి ఆధారం దొరుకుతుంది.

పరికరాలు, హక్కులు, మనుగడ

ఒకప్పుడు ప్రయోగశాలలకే పరిమితమైన యాంప్లిఫయర్లు నేడు విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి. ఢిల్లీలో మొదలైన అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ రూపొందించిన బయోయాంప్ వంటి చిన్న బోర్డులు గుండె, కండరం, మెదడు, కంటి కదలికల సంకేతాలన్నింటినీ గ్రహించగలవు. వాటిని ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డుకూ, ప్యూర్ డేటా, ప్రాసెసింగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకూ కలిపితే ధ్వని, చిత్రం రెండూ వస్తాయి. ఎలక్ట్రోడ్లు ఒంటికి తగిలి ఉన్నంతసేపు పరికరాన్ని గోడ ప్లగ్గుకు కలపకుండా బ్యాటరీతోనే నడపడం ప్రాథమిక జాగ్రత్త. దీనివల్ల ప్రాణభయం తప్పడమే కాక 50 హెర్ట్జ్ రొద కూడా చాలావరకు తగ్గుతుంది.

చవకైన పరికరాలతోపాటు దేహ సమాచారం ఎవరిదన్న వివాదం కూడా వచ్చింది. చిలీ 2021లో మెదడు కార్యకలాపానికీ దాని నుంచి లభించే సమాచారానికీ రాజ్యాంగ రక్షణ కల్పించిన తొలి దేశమైంది. 2023లో ఆ దేశ సుప్రీంకోర్టు, ఈఈజీ హెడ్‌సెట్లు అమ్మే ఎమోటివ్ కంపెనీ ఒక మాజీ సెనేటర్ నుంచి సేకరించిన మెదడు సమాచారాన్ని తొలగించాలని ఆదేశించింది. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దేహసంకేతాలను ప్రత్యేక తరగతిగా చూడదు. కాబట్టి వాటికీ ఫోను నంబరుకూ వర్తించే సమ్మతి నియమాలు ఒకటే.

రచనల మనుగడ మరో సమస్య. థాల్మిక్ ల్యాబ్స్ తయారుచేసిన మయో అనే ముంజేతి పట్టీ 2010ల మధ్యకాలంలో ఎందరో కళాకారుల చేతికి చేరింది; 2018లో దాని అమ్మకం ఆగిపోవడంతో ఆ పట్టీ మీదే నిలిచిన రచనలు పాత సాఫ్ట్‌వేర్, అరువు పట్టీలు వెతుక్కోవలసి వచ్చింది. లూసియర్ తన 1965 రచనను ఏ కంపెనీ యంత్రానికీ కట్టిపడేయకుండా, చేయవలసిన పనులను మాటల్లో రాసి ఉంచాడు. ఆయన 2021లో మరణించేనాటికి దాన్ని వేర్వేరు తరాల యాంప్లిఫయర్లతో, వేర్వేరు తలలతో ఎన్నోసార్లు ప్రదర్శించారు.